ముక్కక్క పెట్టిన పరీక్ష

ఫిబ్రవరి 9

అక్కకి,

నిన్ను బస్సెక్కించి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా రాస్తున్నాను. నాలుగు రోజులు ఉండి వెళ్లావు, గదంతా ఖాళీగా ఉంది. నీ దువ్వెన మర్చిపోయావు. కిటికీలో పెట్టాను, మళ్లీ వచ్చినప్పుడు తీసుకో.

ఇంత హడావిడిగా ఉత్తరమెందుకు, దుకాణంలో ఫోను లేదా అంటావు. ఉంది. అది యజమాని బల్ల మీద ఉంటుంది, ఆయన చెవులు మేము అమ్మే అద్దాలకన్నా బాగా పనిచేస్తాయి. అదీగాక ఉత్తరంలో ఊపిరి ఉండదు. నువ్వు ఎంత దగ్గరగా పెట్టుకుని చదువుకున్నా నాకు బెంగ లేదు.

కళ్లజోళ్ల దుకాణంలో నా పనేమిటో నీకు తెలుసు. వచ్చినవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి, జానెడు దూరంలో మొహం పెట్టి, చిన్న దీపం కంట్లో వేసి చూడాలి. "రెప్ప వేయకండి" అంటాను. వాళ్లు రెప్పతోపాటు ఊపిరి కూడా బిగబడతారు. దీపం తీయగానే హమ్మయ్య అని వదులుతారు. పదహారేళ్లుగా రోజుకి పాతికమంది నా ఎదుట ఊపిరి బిగబట్టడం చూస్తున్నాను. ఇంకొకడైతే దీపం చూసి అలా చేస్తున్నారనుకుంటాడు. నేను అలా అనుకోలేకపోయాను.

లెక్కల మాస్టారు గుర్తున్నాడా? నాకు పదకొండేళ్లు. ఎక్కాలు అప్పజెప్పి కూర్చుంటుంటే "ఇక కిటికీలు తెరవండర్రా" అన్నాడు. తరగతంతా ఒకటే నవ్వు. ఆ మర్నాటినుంచే కదా బడికి బయల్దేరేముందు నీ ముందు నిలబడి "హా" అనడం మొదలుపెట్టాను. నువ్వు జడ అల్లుకుంటూ వంగి చూసి "పాస్" అనేదానివి. ఉల్లిపాయ తిన్నరోజు మాత్రం "ఫెయిల్, పోయి మళ్లీ తోముకో" అని నెత్తిన ఒకటి మొట్టేదానివి. ఆ ఫెయిల్ అన్నందుకే నీ పాస్ మీద నాకు నమ్మకం. మిగతా లోకమంతా మర్యాద కోసం నోరు మూసుకుంటుంది, నువ్వు మూసుకోవు.

ఆదివారం పొద్దున పళ్లు తోముకోకముందే నీ ముందుకొచ్చి హా అన్నాను చూడు, కావాలనే అన్నాను. నువ్వు కళ్లు మూసుకుని, ముక్కు దగ్గరికి పెట్టి "పాస్" అన్నావు. తోముకోకముందే పాస్! నీ ముందు నవ్వేసి ఊరుకున్నాను గానీ స్నానాల గదిలోకి వెళ్లి ఏడ్చాను. పదకొండో ఏటినుంచి ముప్ఫై ఎనిమిదో ఏటిదాకా మోసిన బరువు ఒక్క మాటతో దించేశావు.

ఇప్పుడు అసలు సంగతి. దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసే ఆవిడ ఉందని చెప్పాను కదా. నాలుగేళ్లుగా ఒకే కప్పు కింద పనిచేస్తున్నాం. గాజుపొడికని మొహానికి గుడ్డ కట్టుకునే ఉంటుంది. మాటలు తక్కువ, చేయి శుభ్రం. ఆమె అరగదీసిన అద్దం ఫ్రేములో ఎప్పుడూ ఊగదు. మొన్నొకరోజు "మీరు గుమ్మంలోంచి కేకేస్తారే గానీ లోపలికొచ్చి ఎప్పుడూ మాట్లాడరేం?" అంది. నాకు చెమటలు పట్టాయి. ఆమెని పెళ్లి అడగాలని ఏడాదిగా ఉంది. ఆమెకీ ఇష్టమేనని అనిపిస్తోంది. అడ్డం ఉన్నది నా నోరొక్కటే.

నువ్వు పాస్ అన్నావు కాబట్టి అడుగుతాను. మొహమాటానికి అని ఉంటే మాత్రం ఇప్పుడే చెప్పెయ్. నీ మీద ఒట్టు, ఏమీ అనుకోను.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 17

ఒరే తమ్ముడూ,

పెళ్లి అడగడానికి అక్క ముక్కుని పూచీ అడిగిన మగాడు నువ్వొక్కడివే అయి ఉంటావు. ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత స్నానాల గదిలో ఏడ్చానని రాసిన చోట ఆగిపోయాను. అంత బాధ లోపల పెట్టుకుని నాలుగు రోజులూ నాతో వానల గురించి మాట్లాడావేంట్రా?

నేను ఎవరిననుకుంటున్నావు? పాలకేంద్రంలో పొద్దున్నే లారీ దిగిన క్యాన్లకి మూత తీసి, వాసన చూసి, ఇది లోపలికి, ఇది వెనక్కి అని చెప్పేదాన్ని. రోజుకి మూడువందల మూతలు. ఇక్కడ నా పేరు ఎవరికీ తెలియదు, అందరికీ ముక్కక్కనే. నేను పాస్ అంటే ఊళ్లో సగం ఇళ్లు ఆ పాలు తాగుతాయి. నువ్వెంత, నీ నోరెంత?

వెళ్లి అడుగు. అంతగా అనుమానముంటే ఒకసారి పళ్ల డాక్టరుకి చూపించుకో, మనసు కుదుటపడుతుంది. ఇంకో మాట. ఈ జబ్బు నీకొక్కడికే ఉందనుకుంటున్నావు. మా దగ్గర లెక్కలు రాసే ఆవిడ ఎప్పుడు మాట్లాడినా పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంటుంది. పదేళ్లుగా పాపం చూపు తక్కువనుకున్నాం. నీ దగ్గరికి పంపి కళ్లజోడు ఇప్పిద్దామని కూడా అనుకున్నాను. మొన్న తెలిసింది, ఆమెదీ నీ బాధే.

నా దువ్వెన పళ్లు విరగ్గొట్టకు.

మీ అక్క


మార్చి 2

అక్కకి,

నువ్వు చెప్పినట్టే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఇరవై నిమిషాలు నోరు తెరిపించి చూశాడు. "ఏమీ లేదండీ, రెండు పళ్ల మధ్య కాస్త గార ఉంది, తీసేశాను" అన్నాడు. నేను కుర్చీ దిగలేదు. అప్పుడాయన నవ్వి, "నోరు వాసనని నా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామందికి ఏమీ ఉండదు. నిజంగా ఉన్నవాళ్లు రారు, వాళ్లకి తెలియదు" అన్నాడు.

ఆ మాటకి ప్రాణం లేచొచ్చింది. మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది, ఆ ఇరవై నిమిషాలూ ఆయన ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకునే ఉన్నాడు. గుడ్డ వెనకనుంచి చెప్పిన మాటని ఏం చేసుకోను? మళ్లీ పైకెళ్లి గుడ్డ తీసి వాసన చూడమని అడగడానికి మొహం చెల్లలేదు. కింద మెట్టు మీద కాసేపు కూర్చుని వచ్చేశాను.

నేను చేసే పనులన్నీ నీకు చెప్పనే లేదు. మణికట్టు నాకి, ఆరాక వాసన చూసుకుంటాను. గ్లాసులో ఊది అరచెయ్యి మూసి, తీసి చూస్తాను. ఒకసారి ఉన్నట్టుంటుంది, ఒకసారి లేనట్టుంటుంది. బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. దుకాణంలో అందరూ కలిసి తింటారు, నేను గోడవైపు తిరిగి తింటాను. నాకు పొగరనుకుంటారు. అనుకోనీ, అదే నయం.

నిన్న ఒక పెద్దాయన కళ్లు చూస్తుంటే "కొంచెం అటు జరుగుతారా, వెలుతురు రావట్లేదు" అన్నాడు. వెలుతురు నా వెనకనుంచే వస్తోంది, నిజమే. అయినా సాయంత్రందాకా ఆ మాట చెవిలో జోరీగలా తిరిగింది.

లెక్కలావిడ సంగతి రాశావు చూడు, దాన్ని నాలుగుసార్లు చదివాను. ఇంకా ఎంతమంది ఉంటారంటావు? మీ వాళ్లని అడుగుతావా? నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారని తెలిస్తే, ఇది నోటి జబ్బు కాదు మనసు జబ్బని నమ్మగలనేమో. ఆమెని ఇంకా అడగలేదు. నీ జవాబు వచ్చాక అడుగుతాను.

నీ తమ్ముడు


మార్చి 12

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం పుణ్యమా అని మా కేంద్రంలో సోమవారం పెద్ద తమాషా జరిగింది. క్యాన్లు కడగడం అయ్యి అందరం టీ తాగుతుంటే లేచి నిలబడి అడిగేశాను. "మీలో ఎవరికైనా మీ నోరు వాసనొస్తుందని అనుమానముందా? సిగ్గుపడకుండా చెయ్యెత్తండి" అన్నాను. ముందు లెక్కలావిడ పుస్తకం కిందికి దించి చెయ్యెత్తింది. తర్వాత పాలు మరిగించి చూసే ఆవిడ. తర్వాత కాపలాతాత. చూస్తుండగానే పదకొండు మందిలో తొమ్మిది చేతులు లేచాయి.

తొమ్మిదిరా! ఒకరి మొహం ఒకరు చూసుకుని తెల్లబోయారు. కాపలాతాత ఇరవై ఏళ్లుగా గేటు అవతల నిలబడి మాట్లాడేది అందుకేనట. ఆయనకి మా అందరిమీదా కోపమనుకునేవాళ్లం. క్యాన్లు కడిగే ఆవిడ మొగుడితో పోట్లాట వచ్చినా వీధి చివరిదాకా వెళ్లి అక్కడినుంచి తిడుతుందట. అందరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. చెయ్యెత్తనిది ఇద్దరే, మా పెద్దసారూ, లారీ డ్రైవరూ. డ్రైవరైతే "నాకెందుకుంటుందమ్మా" అని మీసం దువ్వాడు.

అప్పుడు కాపలాతాత అన్నాడు, "ముక్కక్క ఉండగా మనకెందుకీ బాధ? ఆమెనే చూడమందాం" అని. ఇంకేముంది, క్యాన్లు నిలబెట్టే అరుగు దగ్గర వరసకట్టారు. ఒక్కొక్కరూ రావడం, హా అనడం, నేను పాస్ అనడం. లెక్కలావిడకి పాస్ అనగానే నన్ను పట్టుకుని ఏడ్చేసింది. చివర్లో సరదాకి డ్రైవరు కూడా వచ్చి నిలబడ్డాడు. అతనికీ పాస్ అన్నాను. అందరూ ఘొల్లుమన్నారు. ఎందుకంత నవ్వారో నాకు సరిగ్గా అర్థం కాలేదు, నేనూ నవ్వేశాను.

విన్నావుగా! పదకొండులో తొమ్మిది. నువ్వు ఒంటరివాడివి కాదు. ఇక దవడలో ఆ లవంగం ఉమ్మేసి, వెళ్లి ఆ అమ్మాయిని అడుగు. ఆలస్యం చేశావంటే నేనే వచ్చి అడుగుతాను.

నీ అక్క, ముక్కక్క


మార్చి 25

అక్కా,

అడిగాను. సరేనంది.

ఎలా జరిగిందో చెప్పకపోతే నువ్వు ఊరుకోవు. వీధి మలుపులో టీ కొట్టు ఉంది, దుకాణం మూశాక అక్కడికి రమ్మన్నాను. చిన్న బల్ల, రెండు కుర్చీలు. ఎదురెదురుగా కూర్చున్నాం. ఇంతకాలానికి మొదటిసారి ఒక మనిషికి ఎదురుగా కూర్చుని, మొహం పక్కకి తిప్పకుండా మాట్లాడాను. "మీకు అభ్యంతరం లేకపోతే మనం పెళ్లి చేసుకుందామా?" అన్నాను. ఆమె జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎప్పుడూ అలాగే నవ్వుతుంది. "ఇన్నాళ్లు పట్టిందా అడగడానికి?" అంది. టీ చల్లారిపోయింది, ఇద్దరం తాగలేదు.

హడావిడి వద్దనుకున్నాం. ఏప్రిల్ ఇరవైన రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెడతాం. సాక్షిగా నువ్వే. గోడవైపు తిరిగి తినడం కూడా మానేశాను, అందరితో కలిసి తింటున్నాను. యజమాని "ఏంటోయ్, పొగరు దిగింది?" అన్నాడు.

ఒక్కటే కాస్త మనసులో గుచ్చుకుంటోంది. నేను వెనక గదిలోకి వెళ్లగానే ఆమె లేచి కిటికీ తెరుస్తుంది. గాజుపొడి గాలికి ఎగురుతుందని ఆ కిటికీ ఎప్పుడూ మూసే ఉంచుతారు. నేను వెళితేనే తెరుస్తుంది. లెక్కల మాస్టారు గుర్తొచ్చాడు. కాదులే, నువ్వు పాస్ అన్నావు కదా అని సర్దిచెప్పుకున్నాను.

అందుకని ఒక కోరిక. ఒక వారం ముందే రా. మునుపటిలా రోజూ పొద్దున్నే హా అంటాను, నువ్వు చూడు. అంతే. నువ్వు పక్కనుండి పాస్ అంటూ ఉంటే ఆ కిటికీ ఎన్నిసార్లు తెరిచినా నేను లెక్కచేయను. నువ్వు రాకపోతే మాత్రం నా వల్ల కాదు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 3

తమ్ముడికి,

శుభవార్త రాశావు, చాలా సంతోషం. ఆ అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పు.

వారం ముందు రావడం కుదరదురా. ఇక్కడ పనిలో చిన్న చిక్కు వచ్చింది. పెద్దసారు సెలవిచ్చేలా లేరు. ఇరవైన పొద్దున బస్సుకి వచ్చి, సంతకం పెట్టి, సాయంత్రం వెళ్లిపోతాను. ఆఫీసు దగ్గరే కలుస్తాను, గదికి రాలేను.

ఆ పరీక్షలు కూడా ఇక మానేద్దాం. పెద్దవాళ్లమయ్యాం. ప్రతిసారీ నన్ను హా అని చూడమనడం బాగుండదు. కిటికీ సంగతేమిటో ఆ అమ్మాయినే అడుగు.

ఒంట్లో బాగుండటం లేదు, ఎక్కువ రాయలేను.

అక్క


ఏప్రిల్ 8

అక్కకి,

నీ ఉత్తరం అందింది. గదికి రాలేను, దగ్గరికొచ్చి చూడమనకు, ఆఫీసు బయటే కలుస్తాను అన్నావు. నాకు అర్థమైంది. ఇంతకన్నా మర్యాదగా ఎవరూ చెప్పలేరు.

నువ్వు వచ్చిన నాలుగు రోజులూ ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తుకొస్తున్నాయి. మంచం గుమ్మం దగ్గరికి లాక్కున్నావు, గాలి తగులుతుందన్నావు. భోజనానికి ఎదురుగా కాక పక్కన కూర్చున్నావు. పళ్లు తోముకోకముందు హా అంటే పాస్ అన్నావు చూడు, అప్పుడే నాకు తెలియాల్సింది. పొద్దున లేవగానే ఎవరి నోరైనా వాసనే. నిజంగా చూసిన మనిషి ఫెయిల్ అంటుంది. నువ్వు ఊపిరి బిగబట్టి పాస్ అన్నావు. దీపం చూపిస్తే దుకాణానికి వచ్చేవాళ్లు బిగబట్టినట్టే.

నీ మీద కోపం లేదక్కా. తమ్ముడు బాధపడతాడని అన్నావు. కానీ ఆ మాట నమ్మి ఒక మనిషిని నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ఆమె నవ్వేటప్పుడల్లా జేబురుమాలు అడ్డం పెట్టుకుంటుంటే ముచ్చటపడ్డాను. నేనెంత వెర్రివాణ్ణో చూడు.

ఇరవయ్యో తేదీ వాయిదా వేశాను. పని ఎక్కువగా ఉందని చెప్పాను. ఏదైనా చెప్పాలంటే చీటీ మీద రాసి ఆమె బల్ల మీద పెడుతున్నాను. ఆమె కూడా చీటీ మీదే జవాబు రాస్తోంది. కారణం అడగలేదు. అడగకపోవడంలోనే అంతా ఉంది.

నువ్వు రావద్దులే.

తమ్ముడు


ఏప్రిల్ 14

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. నేను సిగ్గుకి దాచింది నీ ప్రాణం మీదికి తెచ్చింది. ఇక దాచి ఏం లాభం, అంతా రాస్తున్నాను. కూర్చుని చదువు.

నాకు వాసన తెలియదురా. ఆరేళ్లయింది. మీ బావ చనిపోయిన ఏడాది నాకు జ్వరం వచ్చి పదిహేను రోజులు మంచం పట్టాను గుర్తుందా? లేచాక ముక్కు మొద్దుబారిపోయింది. జలుబనుకున్నాను. నెలలు గడిచాయి, రాలేదు. పాలు, మసి, సబ్బు, మల్లెపువ్వు, నాకు అన్నీ ఒకటే. ఆయన చొక్కా ఒకటి ఉతక్కుండా దాచుకున్నాను. అది మొహానికి పెట్టుకున్నా ఉత్త గుడ్డే. ఆ రోజు ఏడ్చినంత ఆయన పోయినరోజు కూడా ఏడవలేదు.

ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పలేదు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని, చూసేది మాత్రం కళ్లతో. మీగడ ఎలా ఉంది, మూతకి ఏం అంటుకుంది, ఎవరి క్యాను, ఎంత దూరం నుంచి వచ్చింది. ఏ కాస్త అనుమానమున్నా మరిగించే గదికి పంపేసేదాన్ని. అలా ఆరేళ్లు నెట్టుకొచ్చాను. నన్ను పట్టించింది పాలు కాదు, నీ కోసం పెట్టిన ఆ వరసే.

ఆ లారీ డ్రైవరు నోరు ఆమడ దూరం కొడుతుందట. కేంద్రంలో అందరికీ తెలుసు, నాకే తెలియదు. నేను పాస్ అనేసరికి సరదాకి అన్నాననుకుని నవ్వారు. అతను మాత్రం నిజమనుకుని, ఆ రోజునుంచి ప్రతివాళ్ల మొహంలో మొహం పెట్టి మాట్లాడటం మొదలుపెట్టాడు. పెద్దసారుకి అనుమానం వచ్చింది, ఈ నోటిని పాస్ చేసిన ముక్కు పాలనెలా చూస్తోందని. ఏప్రిల్ ఐదున నా కళ్లకి తువ్వాలు కట్టి మూడు గ్లాసులు ముందు పెట్టారు. మూడో గ్లాసు దగ్గర "ఇవి మంచి పాలు, లోపలికి పంపండి" అన్నాను. అందులో కిరసనాయిలు ఉందట. తువ్వాలు తీసేసరికి ఒక్కరూ నవ్వడం లేదు. లెక్కలావిడ మళ్లీ పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. అది చూసి తల కొట్టేసినట్టయింది. మర్నాటినుంచి పనిలోకి రావద్దన్నారు.

అదీ నేను రాసిన చిన్న చిక్కు. ఆ పరీక్ష ముందుందని తెలిసి, నీ ముందు కూర్చుని రోజూ పాస్ పాస్ అని దొంగమాట చెప్పలేక రానన్నాను. మంచం గుమ్మం దగ్గరికి లాగింది నిజంగా గాలికే. పక్కన కూర్చున్నది, తినేటప్పుడు నాకు రుచి తెలియడం లేదని నా మొహం చూసి నువ్వు కనిపెడతావని. ఊపిరి బిగబట్టలేదురా, గట్టిగానే పీల్చాను. ఏమీ తెలియలేదు.

నీ నోరు వాసన వస్తుందని నేను అనలేదు. రాదని కూడా ఇప్పుడు చెప్పలేను, చెప్పే హక్కు పోయింది. ఒక్క పని చెయ్యి, నీ కాళ్లు పట్టుకుంటాను. ఆ అమ్మాయికి అంతా చెప్పు. ఆమెనే అడుగు. ఆమె ముక్కు బాగానే ఉంది కదా.

అక్క


ఏప్రిల్ 28

అక్కకి,

నీ ఉద్యోగం పోయిందని చదివి చాలా బాధపడ్డాను. ఆరేళ్లు ఒక్కదానివే ఎలా మోశావక్కా? నాకైనా చెప్పకపోయావా అని ముందు అనుకున్నాను. నేను మాత్రం ఎవరికి చెప్పాను గనక.

నువ్వు చెప్పింది అబద్ధం కాదని అర్థమైంది. కానీ చూడు, నా దగ్గర ఉన్న నిజమైన పాస్ ఎప్పటిది? ఆరేళ్ల కిందటిది. అప్పుడు కూడా ఏడాదికోసారి కలిసేవాళ్లం. ఇన్నాళ్లూ నన్ను నిలబెట్టింది నీ ముక్కు. అది కూడా పోయాక ఇంకెవర్ని అడగాలి? పళ్ల డాక్టరు గుడ్డ కట్టుకున్నాడు. మిగిలినవాళ్లు మర్యాద కట్టుకున్నారు.

ఆమెని అడగమన్నావు. మూడురోజులు ప్రయత్నించాను. అడిగితే లేదంటుంది. నిన్ను ఒట్టు పెట్టి అడిగినా పాస్ అన్నావు, ఆమె మాత్రం ఇంకేమంటుంది? లేదన్నాక కిటికీ తెరిచిందనుకో, ఆ మాటా ఈ పనీ రెండూ పెట్టుకుని బతుకంతా ఎలా గడపను? నాకు అంత ధైర్యం లేదక్కా. ఒక చీటీ రాశాను. "మన తేదీ ఇక వద్దు. దయచేసి కారణం అడగకండి. తప్పు మీది కాదు." ఆమె బల్ల మీద పెట్టి గుమ్మంలో నిలబడ్డాను. చదివింది. జేబురుమాలు తీసి నోటికి గట్టిగా అదిమి పట్టుకుంది. తల ఊపింది. నేను అక్కడే నిలబడి ఉంటే లేచి కిటికీ తెరిచింది. అక్కా, ఇంకా ఏ సాక్ష్యం కావాలి?

ఆ వారం చివర్లో పని మానేసి వెళ్లిపోయింది. ఎక్కడికో యజమానికి కూడా చెప్పలేదు. ఆమె బల్ల ఖాళీ అయ్యింది. నేను కళ్లు చూసే పని వదిలేసి, ఆ వెనక గదిలో అద్దాలు అరగదీస్తున్నాను. యజమాని వద్దన్నాడు, వినలేదు. ఇక్కడ ఎవరి మొహంలోనూ మొహం పెట్టక్కర్లేదు. చక్రం తిరుగుతుంది, నీళ్లు పడతాయి. నా చేతికి ఇంకా అద్దం సరిగ్గా రావడం లేదు, ఫ్రేములో ఊగుతోంది.

నీకు ఇప్పుడు పని లేదు, నాకు మనుషులు లేరు. వచ్చి నా దగ్గర ఉండు. నిజం చెప్తాను, ఏమీ అనుకోకు. నీ జబ్బు సంగతి చదివి బాధపడ్డాను గానీ, ఆ బాధ వెనకే ఒక సంతోషం కూడా కలిగింది. దానికి సిగ్గుపడుతున్నాను. ఈ లోకంలో నేను భయపడకుండా ఎదురుగా కూర్చోగలిగిన మనిషివి ఇక నువ్వొక్కదానివే.

నీ తమ్ముడు


మే 9

ఒరే తమ్ముడూ,

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. దాచి ఒకసారి నిన్ను ముంచాను, మళ్లీ దాచలేను.

మంగళవారం మధ్యాహ్నం మా ఇంటికి ఒకామె వచ్చింది. సన్నగా ఉంది, చేతి వేళ్ల చివర్లన్నీ అరిగి నున్నగా ఉన్నాయి. లోపలికి రమ్మంటే మెట్టు మీదే, అంత దూరంలో కూర్చుంది. "వదినా అని పిలవాల్సినదాన్ని, కుదరలేదు" అంది. నాకు వెంటనే తెలిసింది. పాలకేంద్రంలో ముక్కక్క ఇల్లెక్కడని అడిగి, వెతుక్కుంటూ వచ్చిందట. నువ్వు నా గురించి గొప్పగా చెప్పావట.

"ఒక్క మాట అడిగి వెళ్లిపోతాను. ఆయన మర్యాదకి చెప్పలేదు. మీరైతే ఉన్నదున్నట్టు చెప్తారట. నా నోరు అంత కంపా వదినా?" అంది.

అప్పుడు అన్నీ చెప్పుకుంది. పనిలో ఆమె మొహానికి కట్టుకునే గుడ్డ గాజుపొడి కోసం కాదట. నవ్వితే జేబురుమాలు అందుకేనట. నువ్వు గదిలోకి వస్తే తన ఊపిరి నీకు తగులుతుందని కిటికీ తెరిచేదట. టీ కొట్టులో ఎదురుగా కూర్చున్నావని ఆ రోజంతా ఆనందపడిందట. తర్వాత నువ్వు చీటీలు మొదలుపెట్టేసరికి, ఇక భరించలేకపోయావని అనుకుంది. "తప్పు మీది కాదని రాశారు. అంత మంచివారు" అని కళ్లు తుడుచుకుంది.

నేను చెప్పానురా. వాడు భయపడింది నీ నోటికి కాదమ్మా, తన నోరే వాసనని వాడు చిన్నప్పటినుంచి చస్తున్నాడని మొత్తం చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆయన నోటికేం? నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా ఏ వాసనా లేదు. నా మనసు కష్టపడకూడదని మీరు కల్పిస్తున్నారు" అంది. నీ ఉత్తరాలు తెచ్చి చూపిద్దామని లేచాను. "వద్దు వదినా, ముందు చూడండి" అని దగ్గరికొచ్చి, చిన్నపిల్లలా కళ్లు మూసుకుని, నా మొహం ముందు హా అంది.

ఆరేళ్లు ఊరందరికీ పాస్ చెప్పాను. పాలకి చెప్పాను, కిరసనాయిలుకి చెప్పాను, ఆ డ్రైవరుకి చెప్పాను. కానీ ఈ అబద్ధమే కదా మీ ఇద్దరినీ ఇక్కడికి తెచ్చిందని, ఇక చచ్చినా ఆ మాట అనకూడదని ఒట్టు పెట్టుకుని ఉన్నాను. "నాకు వాసన తెలియదమ్మా, ఆరేళ్లయింది" అన్నాను. నిజమే చెప్పాను.

ఆమె కళ్లు తెరిచి నా మొహం చూసింది. "ముక్కక్కకి వాసన తెలియదా?" అని నవ్వింది, జేబురుమాలు అడ్డం పెట్టుకుని. "ఎంత బాగా చెప్పారు. ఇంతకన్నా మర్యాదగా ఎవరూ చెప్పలేరు" అంది. నీ ఉత్తరాల పెట్టె తాళం కోసం నేను లోపలికి వెళ్లి వచ్చేసరికి మెట్టు మీద లేదు. చెప్పులు కూడా లేకుండా బస్సులు ఆగే చోటిదాకా పరిగెత్తాను. ఏ బస్సెక్కిందో, ఎక్కడికో ఎవరూ చూడలేదు. పాస్ అని ఉంటే ఆగేది. ఆ ఒక్కసారి అనాల్సింది.

ఇది చదివి నువ్వు ఏమనుకుంటావో నాకు తెలుసు. నిన్ను ఓదార్చడానికి అక్క కథ అల్లిందనుకుంటావు. నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా ఏ వాసనా లేదని ఆమె నోటితో అన్న మాట నీకు పంపుతున్నాను, నువ్వు దాన్ని తీసుకోవు. తీసుకునేలా చెప్పే శక్తి నాకు లేదు.

గురువారం మొదటి బస్సుకి వస్తున్నాను. నేను వచ్చాక నీ ఎదురుగా ఇంకెవరూ కూర్చోరని తెలిసే వస్తున్నాను. కుర్చీలు రెండూ బల్లకి చెరోవైపు వేసి ఉంచు.

మీ అక్క